గుర్తు సీసా

విజయనగరం, కాలేజీ హాస్టలు
16 నవంబరు 2014

కన్నత్తా,

నీ ఉత్తరం నిన్న అందింది. తుపాను వెళ్ళి నెల దాటింది, ఇంకా మీ తోటగెడ్డవలసకి పోస్టు ఆలస్యంగానే వస్తోందంటే రోడ్డు సంగతి అర్థమైంది. ఇక్కడ కరెంటు వచ్చింది గానీ మా లాబులో ఆటోక్లేవు పాడయింది. ఆటోక్లేవంటే పెద్ద కుక్కరే అనుకో. దాంట్లో పెట్టినదాని మీద ఒక్క ప్రాణి కూడా బతకదు. అది బాగయ్యేదాకా మా గణపతిరావు మాష్టారు ఇంటినుంచి వంట కుక్కరు తెచ్చిచ్చారు. పద్దెనిమిది మందిమి దాని చుట్టూ మూగి విజిళ్ళు లెక్కపెడుతుంటే, పప్పు ఉడికిందా అని ఎదుటి గది కెమిస్ట్రీ వాళ్ళు వెక్కిరిస్తున్నారు.

"డిగ్రీ నువ్వు తీసుకో, పాఠం మాత్రం నాకు రాయి" అన్నావుగా. రాస్తున్నాను. ఫోనులో నా గొంతు నీకు వినపడదు, నీ ఫోనులో తెలుగక్షరాలు రావు. మనిద్దరికీ ఉత్తరమే దిక్కు.

కంటికి కనపడని ప్రాణులు అంతటా ఉన్నాయి అత్తా. నీ కుట్టుమిషను మీద, నా వేళ్ళ మీద, ఈ కాగితం మీద కూడా. అన్నీ చెడ్డవి కావు. నువ్వు పాలల్లో వేసే తోడు అవే. అసిరమ్మ పిన్ని చోడిపిండి పులియబెడితే అంబలికి ఆ పులుపు తెచ్చేదీ అవే. ఒక్కదాన్ని చూడలేం కాబట్టి, వాటికి ఇష్టమైన తిండిని గాజు పళ్ళెంలో జున్నులా పేరబెట్టి, దాని మీద మన నీటిచుక్క రాసి, ఒంటి వేడిలో ఒక రోజు ఉంచుతాం. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, అదీ ఇరవై నిమిషాలకోసారి. మర్నాటికి లక్షలై ఆవగింజంత చుక్కగా కనపడతాయి. మేం వాడే ఒక రకం పళ్ళెంలో, మలం కలిసిన చోట ఉండే జాతి అయితే ఆ చుక్క గులాబీ రంగులో వస్తుంది.

నీ టీబీ తగ్గించిన సూదిమందు కూడా మట్టిలో బతికే ఇలాంటి ప్రాణి నుంచే తీశారట. ప్రాణం నిలబెట్టి చెవులు తీసుకెళ్ళింది. ఆ పాఠం చెప్పిన రోజు నాకు అన్నం సయించలేదు.

సరే, మీ వీధిలో పదకొండుమందికి వాంతులు, విరేచనాలు అన్నావు. అందరూ పందిరిలో అసిరమ్మ పిన్ని పోసే అంబలినే అంటున్నారన్నావు. నోటిమాటలెందుకు, పరీక్ష చేద్దాం. నాకూ ప్రాజెక్టుకి ఒక విషయం కావాలి. సాలూరు బస్సు కండక్టరు చినబాబు చేత రెండు సీసాలు పంపుతున్నాను. కుక్కరులో పెట్టి, దూది బిగించి, కాగితం చుట్టాను. ఖాళీ సీసాలో పిన్ని చేతే అంబలి పోయించు. ఇంటూ గుర్తు పెట్టిన సీసాలో కాచిన నీళ్ళున్నాయి. దాన్ని మాత్రం విప్పకు. అంబలి సీసా పక్కనే ఉంచి, ఎలా వచ్చిందో అలాగే తిప్పి పంపు.

అదెందుకంటావేమో. అది మన సాక్షి. ఏమీ లేని నీళ్ళలో ఏమీ రాకపోతేనే, అంబలిలో వచ్చింది అంబలిదని నమ్మాలి. దీన్ని కంట్రోలు అంటారు. "కంట్రోలు లేని పరీక్ష చాడీతో సమానం" అని మాష్టారు మొదటి రోజే బోర్డు మీద రాశారు.

నీళ్ళు జాగ్రత్త.

నీ మేనకోడలు
హైమ


తోటగెడ్డవలస
20 నవంబరు 2014

ఒసే హైమా,

పాఠం మూడుసార్లు చదివాను. ఇరవై నిమిషాలకోసారి రెట్టింపు అని చదివి, పొద్దున్న తోడు వేసిన గిన్నె దగ్గర కాసేపు కూర్చున్నాను. ఏమీ కనపడలేదు. గున్నమ్మ నవ్వి పోయింది. గున్నమ్మ తెలుసుగా నీకు, నా దగ్గర కాజాలు, బొత్తాలు కుట్టేది. ఊళ్ళో అందరూ నాతో మాట్లాడాలంటే పలక మీద రాస్తారు. రాయడం రానివాళ్ళు చేతులూపి విసుక్కుంటారు. అది మాత్రం నా మొహంలోకి చూసి పెదవులు నెమ్మదిగా కదుపుతుంది, నాకు ముక్క ముక్కా అర్థమవుతుంది. "కన్నీ, నీకు సెవుడొచ్చి పెసరట్టు మాడిపోవడం తప్ప ఏటీ తేడా నేదు" అంటుంది. పోకిరీది.

చినబాబు సీసాలు తెచ్చాడు. బస్సులో కోళ్ళగంప పక్కన పెట్టాడట, కాగితమంతా మట్టి. పని నువ్వు చెప్పినట్టే చేశాను. రోడ్డు పక్క అసిరమ్మ పందిరి దగ్గరికి నేనే వెళ్ళాను. దాని సంగతి తెలిసిందే, లారీ డ్రైవరైనా, కోతల కూలీ అయినా లోటా చాపగానే "లోటా కడిగినావేటి? మురికిదాన్లో నా అంబలి పొయ్యను" అంటుంది. నాకు వినపడకపోయినా ఆ పెదవుల కదలిక కంఠతా వచ్చేసింది. పరీక్షకని చెప్పాను. ఏం పరీక్షని అడిగిందట, పక్కనున్న లారీ అబ్బాయి నా పలక మీద రాసి చూపిస్తే అదీ చెప్పాను. అది కోపం తెచ్చుకోలేదు. సరే పోస్తాను అన్నట్టు తల ఊపి, తన చేత్తోనే పోసింది. అది వంటకి పొలంలో నూతి నీళ్ళే మోస్తుంది. కుళాయి నీళ్ళు పోస్తే అంబలికి రుచి పోతుందని దాని నమ్మకం.

ఇంటూ గుర్తు సీసా కూడా పంపుతున్నాను. దూది గట్టిగా బిగించాను, చూసుకో.

జబ్బు పధ్నాలుగు మందికి పాకింది. తొందరగా చెప్పవే తల్లీ.

నీ అత్త
కన్యాకుమారి


విజయనగరం
24 నవంబరు 2014

అత్తకు,

పరీక్ష అయింది. అంబలి పళ్ళెంలో తొమ్మిది గులాబీ చుక్కలు వచ్చాయి. అంటే మలం కలిసిన చోట ఉండే జాతి. అది తాగేదాంట్లో ఉండకూడదు. విడిగా ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇందులో ఉంచాను. కావలసిన వాళ్ళకి చూపించు.

రేపు సెమినార్ ఉంది. ఎక్కువ రాయలేను.

హైమ


తోటగెడ్డవలస
30 నవంబరు 2014

బంగారుతల్లీ,

నీ కాగితం ఈ ఊళ్ళో ఎంత పని చేసిందో రాస్తాను విను. మొన్న శుక్రవారం బియ్యం ఇస్తారని రేషను షాపు దగ్గర ఊరంతా లైను కట్టింది. నేను మెట్టెక్కి నిలబడి, నా మేనకోడలు కాలేజీలో పరీక్ష చేసిందని చెప్పి గట్టిగా చదివాను. గట్టిగానే చదివి ఉంటాను, వెనకాల వాళ్ళు కూడా తలలెత్తారు. పద్దెనిమిదేళ్ళ నుంచి చెవిటి కన్నమ్మ అంటూ నా వెనకాల నవ్వినవాళ్ళు నోరు మూసుకుని నా నోటికేసి చూశారే. సంతోషం పట్టలేకపోయాను. దాచడం ఎందుకు, గర్వపడ్డాను.

అసిరమ్మ కూడా లైనులోనే ఉంది. చదవడం అయ్యాక ముందుకొచ్చి నాతో ఏదో అంది. చెయ్యి చాపి నన్ను చూపిస్తూ రెండుసార్లు అంది. వేగంగా అంది, నాకు అందలేదు. పలక ఇంట్లో ఉంది. తిడుతోందనుకుని మొహం తిప్పుకున్నాను. జనం దాన్ని పక్కకి లాగేశారు.

ఆ సాయంత్రమే కుర్రాళ్ళు పందిరి పీకేశారు. కుండలు పగలగొట్టలేదులే, బోర్లించారు. నిన్న అది మూట కట్టుకుని నెల్లిమర్లలో తమ్ముడింటికి వెళ్ళిపోయింది. ఇరవై రెండేళ్ళ పందిరి. ఆ ఖాళీ చోటు చూస్తే కొంచెం ఎలాగో ఉంది. కానీ జనం ప్రాణాలు ముఖ్యం కదా. అవునా, కాదా?

నీ సెమినార్ ఎలా జరిగింది? చప్పట్లు కొట్టారా?

నీ అత్త


విజయనగరం
8 డిసెంబరు 2014

అత్తా,

సెమినార్ బాగానే జరిగింది. కొట్టారు చప్పట్లు.

జబ్బు తగ్గిందా? ఎంతమందికి తగ్గిందో, కొత్తగా ఎవరికైనా వచ్చిందో రాయి. నువ్వు మాత్రం నీళ్ళు కాచుకునే తాగు. బాగా మరగాలి, గోరువెచ్చన చేస్తే చాలదు. పిన్ని నెల్లిమర్లలో ఏం చేస్తోందో తెలిసిందా? ఇక్కడికి అరగంట దూరమే. మొన్న అటు వెళ్ళే బస్సెక్కి, ఊరు దాటకుండానే కోటజంక్షన్ దగ్గర దిగిపోయాను.

పాఠం ఈసారి రాయలేను. ఏమనుకోకు.

హైమ


తోటగెడ్డవలస
19 డిసెంబరు 2014

హైమా,

గున్నమ్మ పోయింది.

మంగళవారం పొద్దున్న మొదలైంది. రెండు రోజులు కక్కుతూనే ఉంది. సాలూరు ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి ఒంట్లో నీరు లేదన్నారు. ఇంట్లో ఉన్న ఆ రెండు రోజులూ నేను దాని పక్కనే కూర్చుని గంటకోసారి చెంబుతో నీళ్ళు పట్టాను. చివర్లో పెదవులు కదిపింది. ఎండిపోయి అతుక్కుపోయాయి, నాకు ఒక్క ముక్కా తెలీలేదు. పద్దెనిమిదేళ్ళలో అది చెప్పింది నాకు అర్థం కాకపోవడం అదే మొదలు.

ఏడవడం అయ్యాక ఒక సంగతి తోచింది. గున్నమ్మకి పులుపు పడదు. జన్మలో అంబలి ముట్టలేదు. పైగా అసిరమ్మ వెళ్ళిపోయి ఇరవై రోజులైంది. అంబలి చుక్క కూడా లేదు ఈ ఊళ్ళో. మరి జబ్బెందుకు తగ్గలేదు? ఇప్పటికి ఇరవై ఆరుమంది.

నీ మొదటి ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. సాక్షి అన్నావు. ఏమీ లేని నీళ్ళలో ఏమీ రాకపోతేనే నమ్మాలన్నావు. ఇంటూ గుర్తు సీసాలో ఏమొచ్చిందే? తొమ్మిది చుక్కలని అంబలి సంగతి రాశావు గానీ ఆ సంగతి ఎక్కడా రాయలేదు. నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు.

రాయి.

నీ అత్త


విజయనగరం
23 డిసెంబరు 2014

అత్తా,

నీ ఉత్తరం హాస్టలు మెట్ల మీదే చదివాను. దాచింది దాచాను, ఇంక దాచలేను.

గుర్తు సీసా పళ్ళెంలో చుక్కలు వచ్చాయి. తొమ్మిది కాదు. లెక్కపెట్టలేనన్ని. పళ్ళెమంతా గులాబీ రంగే. శుభ్రంగా ఉండాల్సినదాంట్లోనే ఎక్కువ వచ్చాయి.

కుక్కరు దగ్గర ఆ రోజు నా వంతు. పావుగంట ఒత్తిడిలో ఉంచాలి, గడియారం చూసి. నేను కబుర్లలో పడి విజిళ్ళు లెక్కపెట్టి దించేశాను. ఏడో, ఎనిమిదో కూడా గుర్తులేదు. నా సీసాలే సరిగ్గా కాగలేదు, తప్పంతా నాదే అనుకున్నాను. మళ్ళీ చెయ్యాలంటే వారం పడుతుంది. సెమినార్ మర్నాడే. క్లాసులో ఊరినుంచి నిజం సమస్య తెచ్చింది నేనొక్కదాన్నేనని మాష్టారు అప్పటికే అందరి ముందూ మెచ్చుకున్నారు. "కంట్రోలులో ఏం వచ్చిందమ్మా?" అని అడిగారు. ఏమీ రాలేదు మాష్టారూ అన్నాను. రికార్డులో సున్నా చుట్టాను. పళ్ళేన్ని ఫినాయిలు బక్కెట్లో ముంచేశాను. ముంచుతుంటే ఎవరూ చూడలేదు.

అంబలిలో ఎలాగూ ఏదో ఉండే ఉంటుంది, ఊరంతా అంటోంది కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అబద్ధం అని తెలిసే సంతకం పెట్టాను. నువ్వు మెట్టెక్కి చదివింది చాడీ అత్తా. నా చాడీ.

గున్నమ్మ పిన్ని నా గౌనులకి బొత్తాలు కుట్టేది. నాలుగో క్లాసులో ఒకటి ఊడిపోతే బళ్ళోకే వచ్చి కుట్టింది. నేను ఆ సున్నా చుట్టకపోతే ఎవరో ఒకరు వెతికేవారు. బతికుండేది.

నన్ను తిట్టు. తిట్టకుండా మాత్రం ఉండకు.

హైమ


తోటగెడ్డవలస
28 డిసెంబరు 2014

హైమా,

తిట్టాలనే కూర్చున్నాను. నాలుగు రోజులు కూర్చున్నాను. తిట్టే యోగ్యత నాకు లేదు.

నువ్వు చెప్పినట్టే చేశానని రాశాను చూడు, అది అబద్ధం. సీసాలు మట్టి కొట్టుకుని వచ్చాయి కదా. అసిరమ్మ సీసా చేతిలోకి తీసుకుని, మట్టి చూసి, తిరిగి నా చేతిలో పెట్టేసింది. "కడిగినావేటి?" అంది. మురికి సీసాలో దాని అంబలి పొయ్యదు, కాలేజీ సీసా అయితే ఏంటి. నాకూ అదే సబబనిపించింది. ఒకరి తిండి పట్టుకునే గిన్నె కడగకుండా చాపుతామా? రోడ్డు పక్క కుళాయి దగ్గరికెళ్ళి దూది తీసి మూడుసార్లు తొలిచాను.

తొలుస్తూ రెండో సీసా చూశాను. నాలుగు రోజుల నాటి నీళ్ళు, కోళ్ళ పక్కన ప్రయాణం చేసొచ్చాయి. ఒకరి సీసా తిప్పి పంపేటప్పుడు పాచినీళ్ళతో పంపడం ఏం మర్యాద అనుకున్నాను. పారబోసి, కడిగి, కుళాయి నీళ్ళు నిండా పట్టి దూది బిగించాను. నువ్వు విప్పొద్దన్నావు. విప్పింది నీకు తెలియకూడదని, పైగా దూది గట్టిగా బిగించానని గొప్పగా రాశాను.

కాబట్టి నీ కుక్కరు తప్పు చెయ్యలేదే. నీ పళ్ళెం అబద్ధం చెప్పలేదు. రెండు సీసాల్లోనూ అది చూపించింది మా కుళాయి నీళ్ళు. సాక్షి నిజమే చెప్పింది, నేను దాని నోట్లో పోశాను, నువ్వు దాని నోరు నొక్కేశావు.

ఇంకొకటి ఉంది. ఆ రోజు రేషను షాపు దగ్గర అసిరమ్మ ఏమందో నిన్న లక్ష్మణమ్మని అడిగాను. లక్ష్మణమ్మ లైనులో దాని వెనకే ఉంది. తిట్టిందా అని అడిగితే తల అడ్డంగా ఊపి, పలక తీసుకుని రాసింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఆ సీసా ఏ నీల్లతో కడిగినావో అది కూడా సెప్పు కన్నమ్మా."

రెండుసార్లు అందట. చదువు లేని మనిషి అడిగింది. నువ్వు అడగాల్సిన ప్రశ్న, నేను చెప్పాల్సిన జవాబు. నేను మొహం తిప్పుకున్నాను. ఆ తరవాత మూడువారాలకి గున్నమ్మకి అదే కుళాయి నీళ్ళు నా చేత్తో చెంబుతో పట్టాను. కాచకుండా పట్టాను. నాకోసం కాచుకున్నవి అయిపోతే, దాహంగా ఉందని అది సైగ చేస్తే, పోనీలే అని కుళాయి తిప్పాను.

నువ్వు ఒక సున్నా చుట్టావు. నేను చెంబులు పట్టాను. ఎవరి పాపం ఎక్కువో మీ సైన్సు చెప్తుందా?

నేను ఇంటింటికీ తిరిగి కుళాయి నీళ్ళు మరగకాచమని చెప్తున్నాను. ఈసారి సీసాలు పంపు. విప్పొద్దంటే విప్పను. కడగొద్దంటే కడగను.

కన్యాకుమారి


విజయనగరం
20 జనవరి 2015

అత్తా,

నువ్వు పంపిన నాలుగు సీసాలూ చూశాను. ఈసారి గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంట కాచాను, దూది కూడా కదలకుండా వచ్చింది. గుర్తు సీసాలో ఏమీ రాలేదు. నూతి నీళ్ళలో ఏమీ రాలేదు. కుళాయి రెండు సీసాల్లోనూ పళ్ళెం నిండా గులాబీ. నవంబరులో ముంచేసిన పళ్ళెం మళ్ళీ నా ఎదుటికొచ్చి నిలబడ్డట్టే ఉంది.

అన్నీ మాష్టారికి చెప్పాను. సున్నా సంగతి కూడా. కోప్పడితే బాగుండేది. "విజిళ్ళు లెక్కపెట్టడం పొరపాటమ్మా, పొరపాట్లు నేనూ చేశాను. సున్నా మాత్రం పొరపాటు కాదు" అన్నారు. ప్రాజెక్టు కొట్టేసి మళ్ళీ మొదటినుంచి చెయ్యమన్నారు. మీ పంచాయతీకి ఆయనే ఉత్తరం రాశారు. తవ్వి చూశారని, బడి మరుగుదొడ్ల వెనక తుపానుకి పడిన చింతచెట్టు వేళ్ళు కుళాయి గొట్టాన్ని పైకి లేపి చిట్లగొట్టాయని, మురుగు అందులోకే ఊరుతోందని నీ కార్డులో చదివాను. మూడునెలలు అత్తా.

నిన్న నెల్లిమర్ల వెళ్ళాను. ఈసారి మధ్యలో దిగలేదు.

అసిరమ్మ పిన్ని ఒక కల్యాణమండపం వెనక గిన్నెలు తోముతోంది. నన్ను చూసి ఆపలేదు. నేను నిలబడే చెప్పాను, గుర్తు సీసా, సున్నా, కుళాయి, చింతచెట్టు. మధ్యలో ఏడుపొచ్చింది. "నీ ఏడుపు నాకెందుకే గుంటా, మాట సెప్పు" అంది. చెప్పడం పూర్తయ్యాక అడిగింది.

"నీ పళ్ళెంలో ఆరోజే అగుపించినాదా?"

అగుపించింది పిన్నీ, అన్నాను.

"మరేల సెప్పనేదు?"

తప్పు నాదని తెలిసిపోతుందని భయం వేసిందన్నాను.

"నీకు బయ్యమేసినాదని నా పందిరి పీకీసినారు. గున్నమ్మ పోనాది." అంతే అంది. మళ్ళీ గిన్నె తోమింది. చేతులు కడుక్కుని వచ్చి, "ఆ కాయితం ఉందా? నాకు సదువు రాదు. మీ యత్త సదివినప్పుడు అందరూ అరిసీసినారు, నాకు సరిగ్గా ఇనపడనేదు. ఇప్పుడు సదువు" అంది.

నా దగ్గరున్న నకలు చదివాను. నా రాతని, నా సంతకాన్ని ఆ మనిషి ఎదుట చదివాను. ఐదు లైన్లే. అంతకంటే పొడుగైనది నేనెప్పుడూ చదవలేదు. అంతా విని, "ఇరవై రెండేళ్ళలో ఒక్కలికి కడుపునొప్పి రానీనేదు. ఐదు లైన్లకి దించీసినారు" అంది.

క్షమించమని అడగలేదు. అడిగితే అది కూడా నాకోసమే అడిగినట్టుంటుంది. నేనేం చెయ్యాలి పిన్నీ అన్నాను.

"ఇంకో కాయితం రాయి. మీ యత్త సదివితే సాలదు. నువ్వే రా. ఆ మెట్టు మీదే నిలబడి, బియ్యం లైనులో అందరూ ఉన్నప్పుడు సదువు. నాను వొచ్చి ఇంటాను."

ఫిబ్రవరి మొదటివారం బియ్యం ఇచ్చే రోజేదో కనుక్కుని రాయి. వస్తాను.

హైమ


తోటగెడ్డవలస
22 ఫిబ్రవరి 2015

హైమా,

నువ్వు చదివి వెళ్ళి పదిహేనురోజులు దాటింది. ఆ రోజు బస్సు తొందరలో నీతో ఏమీ మాట్లాడలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వు మెట్టు మీద నిలబడి చదువుతుంటే నాకు ఒక్క ముక్కా వినపడలేదు. నీ మొహం చూడలేక జనం మొహాలు చూశాను. మొదట కొందరు నవ్వారు. గున్నమ్మ పేరు వచ్చినట్టుంది, నవ్వు ఆగింది. "సీసా కడిగింది నేను" అని నేను లేచి చెప్పినప్పుడు లక్ష్మణమ్మ నా చెయ్యి పట్టుకుని కిందకి లాగింది, ఆడవాళ్ళు ఎవరో తిట్టి ఉంటారు. తిట్టనీ. వినపడకపోవడం ఆ పూట సుఖంలా అనిపించి, అలా అనిపించినందుకు సిగ్గేసింది. అసిరమ్మ లైను చివర్న మూటతో నిలబడి చివరిదాకా విన్నది. ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా పందిరి చోటుకి వెళ్ళి, బోర్లించిన కుండలు తిరగేసింది.

పందిరి పీకిన కుర్రాళ్ళే మళ్ళీ గుంజలు పాతారు. కొత్త గొట్టం వేశారు, అయినా ఊరంతా నీళ్ళు కాచుకునే తాగుతోంది. ఈ నెలలో కొత్త జబ్బు ఒక్కటీ లేదు. నీ సైన్సుకి కావాలంటే రాసుకో.

నేను రోజూ లోటా పట్టుకుని అసిరమ్మ లైనులో నిలబడుతున్నాను. నా ముందువాళ్ళని అడుగుతుంది, లోటా కడిగినావేటి అని. నా వెనకవాళ్ళనీ అడుగుతుంది. నా వంతు వస్తే మొహం పక్కకి పెట్టి ముంతతో పోసేస్తుంది, అంతే. నన్ను అడగదు. చెవిటిదాన్నే గానీ ఒకరు నాతో మాట్లాడకపోవడం నాకు తెలుస్తుంది హైమా. గున్నమ్మ లేని ఇంట్లో ఆ అంబలి పెట్టుకుని తాగలేక, పారబొయ్యలేక, రోజూ కళ్ళు మూసుకుని తాగేదాన్ని. నాకు ఆ శిక్ష చాలదనే అనుకున్నాను. ఇంకా అనుకుంటున్నాను.

నిన్న నా వంతు వచ్చింది. లోటా చాపాను. ముంత ఎత్తింది గానీ పొయ్యలేదు. ఎందుకా అని తలెత్తితే నా మొహంలోకే చూస్తోంది. పెదవులు కదిపింది. ఎప్పటిలా గబగబా కాదు, గున్నమ్మ కదిపినట్టు, నెమ్మదిగా, ముక్క ముక్కగా.

"లోటా కడిగినావేటి?"

కడిగాను అసిరమ్మా, కాచిన నీళ్ళతో కడిగాను అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకు తెలీదు, లైనంతా వెనక్కి తిరిగి చూసింది. అది లోటాలోకి తొంగి చూసుకుని అప్పుడు పోసింది.

నీ రికార్డు మళ్ళీ రాస్తున్నావుగా. నవంబరు పళ్ళెం సంగతి కూడా అందులో రాయి. సున్నా కొట్టేసి, లెక్కపెట్టలేనన్ని అని రాయి. కింద నా పేరు కూడా రాయి.

నీ అత్త
కన్యాకుమారి